డచ్ రాకుమారి పుట్టింటి పేరు మీద బెర్లిన్ పక్కన ఊరు, ఎవరీమె?

నల్గొండ తమ్ముడు:
అందరికి నమస్తే. మా అన్న బెర్లిన్‌ల ఎంఎస్ చేస్తుండు, మొన్న ఒరానియెన్‌బుర్గ్ అనే ఊరికి పోయి అక్కడి కోట ఫోటోలు పంపిండు. నెదర్లాండ్స్ నుంచి కోడలుగ వచ్చిన లూయిజ్ హెన్రియెట్ వల్లనే ఆ పేరొచ్చిందట. రాజుల ఇండ్లల్ల ఆడపిల్లను అడగకుండనే పెండ్లి చేసి పంపుడే కదా, మరి ఊరికి పేరు పడేంత ఏం చేసింది ఈమె? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పాలమూరు లెక్చరర్:
తమ్మీ, మంచిగడిగినవ్. ఆమె పుట్టింది 1627ల, హేగ్‌ల. తండ్రి ఫ్రెడరిక్ హెన్రీ, ఆరెంజ్ అనే డచ్ రాజవంశపు ప్రిన్స్, డచ్ సైన్యమంత ఆయన చేతిలనే ఉండె. ఆమె మనసు వేరే ఫ్రెంచ్ యువరాజు మీద ఉండె గానీ తల్లి అమాలియా ఒప్పుకోలే, 1646 డిసెంబర్ 7న, సరిగ్గ ఆమెకు 19 ఏండ్లు నిండిన రోజున బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బుర్గ్ రాజ్యం పాలకుడు ఫ్రెడరిక్ విల్హెల్మ్‌కిచ్చి పెండ్లి చేసిన్రు. తొలి కొడుకు 1648ల పుట్టి ఏడాదిన్నర నిండకముందే పోయిండు, మళ్ల 1655 దాంక బతికిన బిడ్డ లేడు, ఆ నడుమ ఏండ్లల్ల ఆ తల్లి ఎంత నలిగి ఉంటదో నాకైతే తల్సుకుంటేనే బాధైతది.

ఇగ ఊరి సంగతి. జర్మనీ దిక్కు నడిచిన ముప్పయ్యేండ్ల యుద్ధం 1648ల ఆగేసరికి బ్రాండెన్‌బుర్గ్ ఊర్లకు ఊర్లే పాడువడ్డయి. 1650ల భర్త ఆమెకు బోట్జో అనే జాగ రాసిచ్చిండు. ఆమె డచ్ రైతులను పిలిపించి పాడి, తోటలు, కూరగాయల సాగు అన్నీ పుట్టింటి పద్ధతిల మొదలువెట్టించింది, కోట కట్టించింది, 1652ల ఆమె పుట్టింటి ఆరెంజ్ వంశం పేరు మీద (జర్మన్‌ల ఒరానియెన్ అంటరు) ఊరి పేరు ఒరానియెన్‌బుర్గ్ అయింది. 1665ల అనాథ పిల్లలకు ఆశ్రమం గూడ పెట్టింది. అందుకే ఆమెను ఉత్తగ పెండ్లి చేసి పంపిన పిల్ల అంటే నేనొప్పుకోను.

సూర్యాపేట అక్క:
సార్ చెప్పింది నిజం. మన దిక్కు చూస్తే ఆమె బతుకంత గోల్కొండల అబ్దుల్లా కుతుబ్‌షా ఏలిన కాలంలనే గడిచింది. 1656ల ఔరంగజేబు గోల్కొండను ముట్టడిస్తే, సంధి కోసం అబ్దుల్లా తన బిడ్డను ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెండ్లి చేసిండు. ఆ పిల్ల మనసుల ఏముండెనో రాసిపెట్టినోళ్లే లేరు. లూయిజ్ ఉత్తరాలైతే మిగిలినయి, ఆమె మాట మనకు అట్ల అందుతుంది.

నల్గొండ తమ్ముడు:
థాంక్స్ సార్, థాంక్స్ అక్కా. ఆలుగడ్డ గూడ ఆమెనే తెచ్చిందని అన్న అంటుండు, నిజమేనా?

పాలమూరు లెక్చరర్:
ఆమె తోటల వేయించిందని చెప్పుకుంటరు గానీ రైతుల పొలాలకు పాకింది చాన తర్వాత. 1756ల ఆలుగడ్డ ఏయాలని హుకుం ఇచ్చిన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్ ఆమెకు మునిమనుమడు. ఆమె సొంత కొడుకు, ఇంకో ఫ్రెడరిక్, 1701ల ప్రష్యాకు మొదటి రాజైండు, ఆమె దాన్ని చూడలే, 1667లనే, 39 ఏండ్లకే చనిపోయింది.

దేవరకొండ:
లూయిజ్ చెల్లె గురించి గూడ చదువు తమ్మీ, హెన్రియెట్ కాథరినా. ఆమెను 1659ల జర్మనీల ఆన్‌హాల్ట్-డెస్సావ్ అనే చిన్న రాజ్యానికి కోడలుగ ఇచ్చిన్రు. అక్కడ నిష్విట్స్ అనే ఊరు ఆమె వల్లనే 1673ల ఒరానియెన్‌బామ్ అయింది, కోటకు డచ్ మేస్త్రీ కార్నెలిస్ రిక్‌వార్ట్‌ను పెట్టుకుంది. మీ అన్నకు చెప్పు, ఈసారి సెలవుల అటు పోయి ఫోటోలు తీసి పెట్టమను, మేం గూడ చూస్తం.