పాత క్వాలిస్ బ్రేక్, క్లచ్: కిట్ వేస్తే చాలా, సిలిండరే మార్చాలా?

కావలి క్వాలిస్:
మాది 2003 బండి. వారం నుంచి క్లచ్ తొక్కితే పెడల్ కిందే ఉండిపోతోంది, కాలి వేళ్లతో పైకి లాగుతున్నా. ఇంజన్ ఆపితే గేర్లు బాగానే పడుతున్నాయి, స్టార్ట్ చేస్తే రివర్స్ గరగరమంటోంది. బ్రేక్ కూడా అదిమి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోంది, ఆయిల్ మాత్రం బయట ఎక్కడా కారడం లేదు. మేస్త్రి రెండింటికీ కిట్ (సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు) వేసి ఆయిల్ పైపుల్లో గాలి తీస్తే చాలంటున్నాడు, మా బావ సిలిండర్లే మార్చమంటున్నాడు. వచ్చే వారం గిద్దలూరు మీదుగా మహానంది పోవాలి. టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు డ్రైవర్:
కిట్టే వేయించు తమ్ముడూ. ఇన్నేళ్లు అద్దె బండ్లు తిప్పా, కిట్లతోనే నడిపా. బజారులో దొరికే చౌక సిలిండర్ కంటే కంపెనీ పాత సిలిండరే నయం.

నెల్లూరు షెడ్డు:
అన్నా, చౌక మాల్ గురించి మీరన్నది నిజం. క్లచ్‌కి కిట్ వేసి చూడొచ్చు, అది పోతే బండి ఆగుతుంది, అంతే. బ్రేక్‌కి మాత్రం నేను ఒప్పుకోను. బయట కారకుండా పెడల్ దిగుతోందంటే మాస్టర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే సిలిండర్) లోపలి వాషర్లు ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తున్నట్టు. ట్యాంకులో ఆయిల్ తగ్గుతుంటే వెనక బూస్టర్‌లోకి (తొక్కుడుకి బలం ఇచ్చే డబ్బా) పోతోందేమో కూడా చూడాలి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే బోర్‌లో, అంటే సిలిండర్ లోపలి గోడకి, తుప్పు పడుతుంది, అదీ రోజూ వాషర్ తిరగని చివరి భాగంలో. గాలి తీసేటప్పుడు పెడల్ అడుగుదాకా తొక్కుతారు చూడండి, అప్పుడు కొత్త వాషర్ పోయి ఆ తుప్పు మీద రాసుకుంటుంది. పోయిన నెల నేను విప్పిన దానికి రెండు నెలల కిందటే కిట్ వేశారంట, వాషర్ అంచు బ్లేడుతో కోసినట్టుంది, టార్చ్ వేస్తే బోర్‌లో గోరు తగిలే గుంటలు! అలాంటిదానికి ఎన్ని కిట్లు వేసినా దండగే. గాలి తీసేటప్పుడు పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. ఇంకోటి, డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. నల్లమల ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒంగోలు డ్రైవర్:
ఘాట్‌లో రెండో గేర్లో దిగితే బ్రేక్ కాలదబ్బా. బోర్ నున్నగా ఉంటే కిట్ చాలు, ఆ మాట మీదే ఉన్నా.

నెల్లూరు షెడ్డు:
నున్నగా ఉంటే సరే అన్నా. విప్పి చూడకుండా కిట్ చాలని ముందే చెప్పేవాళ్లతోనే నా గొడవ.

కావలి క్వాలిస్:
ఇప్పుడే కింద దూరి క్లచ్ స్లేవ్ (గేర్‌బాక్స్ దగ్గరుండే కింది సిలిండర్) రబ్బరు తొడుగు ఎత్తా, నల్లటి నీళ్లలాంటి ఆయిల్ మోచేతి దాకా కారింది. ఇన్నాళ్లూ అందులోనే నిలిచి ఉన్నట్టుంది. బ్రేక్ మాస్టర్ రేపు నా ముందే విప్పుతానన్నాడు మేస్త్రి. మహానందికి బావ వాళ్ల బండిలో పోతున్నాం.