మొదటి పెద్ద రివాల్వర్: 44 మాగ్నమా, 357 మాగ్నమా? మన సీమోళ్లు చెప్పండి

డల్లాస్ ప్రొద్దుటూరోడు:
అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు, ఇప్పుడు డల్లాస్ పక్కన ఉంటాండా. గ్రీన్‌కార్డు వచ్చినాంక రేంజ్‌కి పోవడం మొదలుపెట్టినా, ఇన్నాళ్లూ చిన్న తూటా 22 తోనే కాలుస్తాండా, చెయ్యి కుదురుకునింది. ఇంగ పెద్దది ఒకటి సొంతానికి తీసుకోవల్లనుకుంటాండా. మనసులో మూడు ఉండాయి, అన్నీ మాగ్నమ్, అంటే గట్టి తూటా కాల్చేవే. రూగర్ సూపర్ రెడ్‌హాక్ 44 మాగ్నమ్, ఏడున్నర ఇంచుల బ్యారెల్ది. స్మిత్ అండ్ వెస్సన్ 629, అదీ 44 ఏ, ఆరించులు. లేకుంటే అదే కంపెనీ 686, అది 357 మాగ్నమ్. వేటకు గాదు, నడుముకు పెట్టుకోని తిరిగేకి గాదు. 25 గజాల్లో కాగితం, అప్పుడప్పుడు 50, 100 గజాల్లో ఇనప ప్లేట్లు, అంతే. ఇంట్లో చిన్న పిల్లోళ్లు ఉండారని సేఫ్ ముందే కొని పెట్టినా. ఏది తీసుకుంటే శానా ఏండ్లు ఇష్టంగా కాల్చుకోవచ్చు?

గండికోట గాలి:
సూపర్ రెడ్‌హాక్ తీసుకో తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు. 44 అంటానే అందరూ భయపెడతారు, చెయ్యి ఇరుగుతాది, మణికట్టు పోతాది అని. అదేం లే. 1955 చివర్లో స్మిత్ వాళ్లు, రెమింగ్టన్ వాళ్లు కలిసి తెచ్చిన తూటా అది, ఇన్నేండ్లుగా మామూలు మనుషులే కాలుస్తాండారు. నువ్వు చెప్పిన ఏడున్నర ఇంచులది ఒకటిన్నర కేజీ ఉంటాది, ఆ బరువే సగం దెబ్బను మింగేస్తాది. 629 దానికంటే తేలిక, అదే తూటా అందులో వేస్తే ఇంగా గట్టిగా తంతాది. ఇంగో మాట, 44 మాగ్నమ్ సిలిండర్‌లో 44 స్పెషల్ అనే మెత్తని పొట్టి తూటా గూడా పడతాది. మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల (బుల్లెట్ తూకం కొలత) బుల్లెట్ సెకనుకు 1350 అడుగుల మీద పోతే, స్పెషల్‌లో దాదాపు అంతే బరువున్న బుల్లెట్ 750 దగ్గర పోతాది. ముద్దుగా ఉంటాది కాల్చేకి. ఒకటే తుపాకి, రెండు రకాల ఆట.

నేను మెటాలిక్ సిల్హౌట్ ఆడతా. 1976లో ఐహెచ్‌ఎమ్‌ఎస్‌ఏ అని సంఘం పెట్టినారు దీనికి. కోడి 50 మీటర్లలో, పంది 100లో, టర్కీ 150లో, పొట్టేలు 200 మీటర్లలో, అన్నీ ఇనప బొమ్మలే. తగిలితే చాలదు, బొమ్మ పడల్ల. 357 తో పొట్టేలుకు సక్కగా కొట్టినా అది ఊగి మళ్లా నిలబడిన సందర్భాలు నేను కండ్లారా చూసినా. బరువైన బుల్లెట్ ఎందుకో అక్కడ తెలుస్తాది. కాల్చినాంక మిగిలే ఖాళీ కేసులు, అంటే తూటా తొడుగులు గూడా యాడికీ ఎగిరిపోవు, సిలిండర్‌లోనే ఉంటాయి, ఏరుకోని మళ్లా నింపుకోవచ్చు.

హంద్రీ నీరు:
686. మాట్లాడేకి ఏం లేదు.

కేసీ కెనాల్:
గండికోట అన్నా, ఆ పిల్లోడు 200 మీటర్ల పొట్టేలు గురించి యాడ అడిగినాడు? 25 గజాల కాగితం అన్నాడు. నేను కర్నూల్లో ఉంటా, 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ అనే గురి పోటీ ఆడిన, ఇప్పుడు పిల్లోళ్లకు నేర్పిస్తాండా. మా ఆటలో తుపాకి నోరు 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల లోపలే ఉండల్ల. 357 అంటే తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త పైన, 44 అంటే దగ్గర దగ్గర 11. ప్రపంచమంతా గురి చూసే వాళ్లు ఆ హద్దు పెట్టుకున్యారంటే ఊరికే గాదు. జస్పాల్ రాణా 1994లో హిరోషిమా ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చింది ఈ సెంటర్‌ఫైర్‌లోనే. పెద్ద తూటాతో ఎవురికీ గురి పెరగదు.

22 నుంచి నేరుగా 44 కి దూకితే వచ్చేది ఒకటే, ఉలికిపాటు. ట్రిగ్గర్ నొక్కేకి ముందే చెయ్యి కిందికి తోస్తాది, మనకు తెలీదు. చూడల్లంటే స్నేహితునితో సిలిండర్ నింపించుకో, నాలుగు నిజం రౌండ్లు, రెండు ఉత్త డమ్మీలు, ఏది యాడుందో నీకు చెప్పగూడదు. డమ్మీ మీద హ్యామర్ పడినప్పుడు బ్యారెల్ ముక్కు కిందికి ముంచితే అదే జబ్బు. ఒక్కసారి పట్టుకుంటే వదిలించేకి నెలలు పడతాది. 686 తీసుకోని, దాంట్లోనే పడే మెత్తని తూటా 38 స్పెషల్ తో మొదలుపెట్టు, ఆర్నెల్లయినాంక 357 వెయ్.

గండికోట గాలి:
38 స్పెషల్ వేసి మొదలుపెట్టు అని నువ్వే అంటాండావు, 44 స్పెషల్ వేసి మొదలుపెట్టు అని నేనంటాండా. రెండిటికీ తేడా ఏంది? నీ 38 మంచిది, నా 44 స్పెషల్ పాపమా?

కేసీ కెనాల్:
తేడా దుడ్లు అన్నా. 38 స్పెషల్ యాడైనా దొరుకుతాది, అగ్గువ. 44 స్పెషల్ డబ్బా ధర చూసినావా? మళ్లా పొట్టి కేసు శానాసేపు కాలిస్తే సిలిండర్ గదుల్లో మసి వలయం కడతాది, తర్వాత మాగ్నమ్ కేసు దిగేకి మొరాయిస్తాది.

గండికోట గాలి:
ఆ మసి 357 లో 38 వేస్తే గూడా కడతాది! బ్రష్షు పెట్టి నాలుగు సార్లు తిప్పితే పోతాది. తుపాకి కడుక్కోలేనోడు తుపాకి కొనగూడదు.

ఓర్వకల్లు రాళ్లు:
ఎవురూ అసలు సంగతి చెప్పడం లే. స్మిత్ వాళ్లు 2000ల మొదట్లో నుంచి రివాల్వర్ పక్కన తాళం రంధ్రం పెడతాండారు. 629, 686 కొత్తవి కొంటే ఆ రంధ్రంతో వచ్చేవే ఎక్కువ. నాకాడ ఒకటి ఉండె, చూసినప్పుడల్లా కండ్లల్లో కారం కొట్టినట్టు ఉండె. రూగర్‌కు ఆ బాధ లేదు, అందుకే రూగర్.

హంద్రీ నీరు:
రంధ్రం కోసం తుపాకి మారుస్తావా అన్నా, గురికీ దానికీ ఏం సంబంధం.

ఓర్వకల్లు రాళ్లు:
నాకుండాది సంబంధం. దాని గురించి ఇంగ వాదించను. కొత్తోళ్లకు ఒకటి మాత్రం చెప్పల్ల, పిస్టల్ పట్టుకున్నట్టు బొటనవేలు ముందుకు చాపి రివాల్వర్ పట్టుకోవద్దు. సిలిండర్‌కు బ్యారెల్‌కు మధ్యన సందులో నుంచి నిప్పు లాంటి గ్యాస్ పక్కకు కొడతాది, మాగ్నమ్ అయితే చర్మం, మాంసం కోసేస్తాది.

పెన్నా గట్టు:
మీరంతా అమెరికా తూటాలు మాట్లాడుకుంటాండారు, బాగుంది. అనంతపురంలో నా దగ్గర ఉండేది కాన్పూర్ ఫ్యాక్టరీ 32 రివాల్వర్, పొలం కాడికి పోయేకి తీసుకున్నా. 2019లో చట్టం మార్చి మనిషికి మూడు ఆయుధాలు ఉండేదాన్ని రెండు చేసినారు, మా నాయన తుపాకి ఒకటి ఇచ్చేయాల్సొచ్చె. ఎలక్షన్ కోడ్ వస్తానే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యల్ల, ఒకసారి వెనక్కిచ్చినప్పుడు చూస్తే బ్యారెల్ లోపల తుప్పు. తుడిచి పెట్టినోడు లేడు. కాబట్టి నేను చెప్పేది స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకో, ఏ మోడల్ అయినా.

డల్లాస్ ప్రొద్దుటూరోడు:
పెద్దాయనా, మూడూ స్టెయిన్‌లెస్సే. అందరికీ థ్యాంక్స్. 44 అంటే భయమేం లేదు, మొన్న రేంజ్‌లో 500 మాగ్నమ్ అద్దెకు తీసుకోని కాల్చినా. రెండు కేజీలు ఉంటాది, అయిదు తూటాలే పడతాయి. ఆ ఫోటో మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే శానా మందికి నచ్చింది.

షార్లెట్ శీనా:
అన్నా, నేను హెచ్1బి మీద ఉండా, కొనకుండా ఊరికే రేంజ్‌లో అద్దెకు తీసుకోని కాల్చొచ్చా?

గండికోట గాలి:
వద్దు శీనా. హెచ్1బి లాంటి వీసా మీద వచ్చినోళ్లు తుపాకి గానీ తూటా గానీ చేతిలో పెట్టుకోగూడదని ఫెడరల్ చట్టం, అద్దె తుపాకికి గూడా అదే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉండాది. లాయర్‌ను అడక్కుండా అడుగు వెయ్యొద్దు, ఇమిగ్రేషన్ మొత్తం పోతాది. స్నేహితులు ఏం కాదులే అంటే వినొద్దు.

కేసీ కెనాల్:
ప్రొద్దుటూరు తమ్ముడూ, ఆ 500 ఫోటో నీదేనా? అది మా కర్నూలు గ్రూపుల దాకా వచ్చింది. నా దగ్గర ఎయిర్ పిస్టల్ నేర్చుకునే పిల్లోడు ఒకడు ఫోన్‌లో చూపించి, సార్ నాకు ఇట్లాంటిది ఎప్పుడిస్తారు అని అడిగినాడు. పెద్ద నోరున్న తుపాకి మీద మోజు మన సీమోళ్లకు రక్తంలోనే ఉండాది, సముద్రం దాటినా పోలే. అందుకే నువ్వు అడిగింది టార్గెట్ గురించి గాదు అనిపిస్తాది నాకు.

గండికోట గాలి:
ఏం మాటలప్పా అవి? రక్తంలో ఉండాదంట. కేసులో గ్రెయిన్లు, సెకనుకు అడుగులు మాట్లాడుకుంటా ఉంటే యాడికో తీస్కపోయినావు. నువ్వు 44 ఎప్పుడన్నా చేత్తో పట్టుకున్యావా అసలు? కాల్చనోడు కాల్చేవాళ్లకు బుద్ధులు చెప్పేది.

కేసీ కెనాల్:
పట్టుకోలే. నాకు ఎట్ల దొరుకుతాది? మామూలు మనిషికి బయటి దేశం నుంచి తుపాకి తెప్పించుకునే దారి 1980ల నుంచే మూసేసినారు, పేరున్న షూటర్లకే అవకాశం. నా స్పోర్ట్స్ లైసెన్సు ఎంక్వైరీకి వచ్చినాయన నన్ను స్కోర్ అడగలే. మా ఊరి పేరు చూసి, మీది ఏ వర్గం అని అడిగినాడు. ఆ ఫైలు ఎంత కాలం అట్లే పడి ఉన్న్యాదో నాకు తెలుసు. పతకం కోసం ప్రాక్టీస్ చేసేకి హైదరాబాద్‌కు, గచ్చిబౌలి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉండే రేంజ్‌కు రాత్రి బస్సులో పోయి పొద్దున దిగి కాల్చి మళ్లా రాత్రి బస్సు ఎక్కినోన్ని నేను. ఇప్పుడు మా పిల్లోళ్లకు అట్లా కాగూడదని చూస్తాంటే, మీరు పెట్టే ఒక్కొక్క ఫోటో వాళ్ల తల్లిదండ్రుల కాడికి, పోలీసోళ్ల కాడికి ఇదిగో సీమోళ్ల సరదా అని పోతాది. కోపం తుపాకి మీద గాదు, ఆ ఫోటో మీద.

పెన్నా గట్టు:
ఈ మాట మొదట్నే చెప్పుంటే అయిపోయేది కదప్పా.

గండికోట గాలి:
సరే, నువ్వు చెప్పినావు కాబట్టి నేనూ చెప్తా. మా నాయన్ను నాటుబాంబులు వేసి చంపినారు. ఆయన మొలలో లైసెన్సు రివాల్వర్ ఉండె, చెయ్యి దాని దాకా పోయే టైము గూడా దొరకలే. నేను ఊరు ఇడిసి వచ్చింది అందుకే. శానా ఏండ్లు తుపాకి ఉండే ఇంటికి గూడా పోలే. తర్వాత ఒక అమెరికా ముసలాయన సిల్హౌట్ మ్యాచ్‌కు పిలుచుకోని పోయినాడు. అక్కడ చిన్నోళ్లు, పెద్దోళ్లు, ఆడోళ్లు, అందరూ ఇనప కోడిని కొడతాండారు, పడితే చప్పట్లు, పడకుంటే పక్కోడు గాలి ఎట్ల ఉందో చెప్తాడు. తుపాకికి అవతల మనిషి లేని చోటు నేను మొదటిసారి అక్కడ చూసినా. 44 అంటే నాకు ఇష్టం ఎందుకంటే అది కాల్చేటప్పుడు ఇంగో ఆలోచన రాదు, వస్తే తప్పుతాది. నా రక్తంలో ఏముందో నువ్వు చెప్పొద్దు.

కేసీ కెనాల్:
అన్నా, ఆ సంగతి నాకు తెలీదు. మీ నాయన గురించి చదివి శానా బాధయింది. రక్తం మాట మిమ్మల్ని కొట్టిందంటే దాన్ని వదిలేస్తాండా, ఇంగెవురి మీదా వాడను. ఫోటో మాట మాత్రం వదలను. మీరు ఊరు ఇడిసి పోయి చప్పట్లు వినినారు, ఇక్కడ ఉండే పిల్లోనికి ఆ చప్పట్లు కనపడవు, ఆ పెద్ద నోరే కనపడతాది.

గండికోట గాలి:
ఫోటో పెడితే తుపాకి ఫోటో గాదు, టార్గెట్ ఫోటో పెట్టల్ల. అది ఒప్పుకుంటా. 44 మీద మాత్రం ఒప్పుకోను.

హంద్రీ నీరు:
ఇప్పుడు ఆ పిల్లోడు ఏది కొనల్ల?

డల్లాస్ ప్రొద్దుటూరోడు:
ఆ ఫోటో తీసేసినా. ఊళ్లో మా చిన్నాయన కొడుకు ఒకడు అది ఎంత అవుతాది, ఇక్కడికి తేవచ్చా అని అడిగినాడు, అప్పుడు నవ్వుకున్యా, ఇక్కడ చదివినాంక నవ్వు రాలే. రేంజ్‌లో 686, సూపర్ రెడ్‌హాక్ రెండూ అద్దెకు ఉండాయి. కేసీ అన్న చెప్పిన డమ్మీ పరీక్ష రెండిటితోనూ చేసొచ్చినా. 38 తో బ్యారెల్ కదల్లే. 44 స్పెషల్ తో గూడా బాగానే ఉన్న్యాను. 44 మాగ్నమ్ రెండో సిలిండర్‌కే ముక్కు కిందికి ముంచింది. 686 తీసుకుంటాండా, ఆరించుల బ్యారెల్‌ది. గండికోట అన్నా, మీ మ్యాచ్‌కు ఊరికే చూసేకి రావచ్చా?

గండికోట గాలి:
రా. నా రెడ్‌హాక్ తోనే కోడిని కొట్టిస్తా, 50 మీటర్లే. ప్లగ్గులు చెవుల్లో పెట్టుకోని దాని మీద చెవులు మూసే మఫ్ గూడా వేసుకో, మాగ్నమ్‌కు ఒకటి చాలదు.

ఓర్వకల్లు రాళ్లు:
686 కొంటే పాతది, రంధ్రం లేనిది దొరుకుతాదేమో చూడు.

కేసీ కెనాల్:
తమ్ముడూ, ఇండోర్ రేంజ్ నుంచి ఇంటికి పోతానే పిల్లోళ్లను ఎత్తుకోగాకు. తూటాల సీసం పొడి చేతులకు, గుడ్డలకు అంటుకోని ఉంటాది. చల్లనీళ్లతో సబ్బు పెట్టి చేతులు, మొగం కడుక్కో, చొక్కా మార్చు, దాన్ని విడిగా ఉతుకు. డ్రై ఫైర్, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన మాత్రం రోజూ చెయ్యి, రౌండ్లు వేరే గదిలో పెట్టి.