పక్కింట్లోకి 'వేరేవాళ్లు' దిగితే: ఈ సిట్‌కామ్‌లు చూసి నవ్వారా, గుచ్చుకుందా?

ప్లేనో_పంతులు

మాది డాలస్ దగ్గర ప్లేనో. మామగారు ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. సాయంత్రమైతే గరాజ్ తలుపు పైకెత్తి, లుంగీతో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంటారు. ఎదురింటాయన రోజూ చెయ్యి ఊపుతాడు, ఈయనా ఊపుతారు. మొన్న హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) నుంచి మెయిల్ వచ్చింది: గరాజ్ తలుపులు అనవసరంగా తెరిచి ఉంచవద్దని. పేరు లేదు, ఇంటి నంబరు లేదు, అందరికీ పంపిందే. కానీ గరాజ్ తెరుచుకుని కూర్చునేది ఎవరో వీధిలో అందరికీ తెలుసు.

ఆ రాత్రే 'కింగ్ ఆఫ్ ద హిల్' కార్టూన్ పాత ఎపిసోడ్ పెట్టాం, 1997 నాటిది. అందులో హీరో హ్యాంక్ టెక్సాస్ తెల్లాయన. ఆయన పక్కింట్లోకి లావోస్ నుంచి వచ్చిన కాన్ కుటుంబం దిగుతుంది. హ్యాంక్ బ్యాచ్ అడుగుతుంది: నువ్వు చైనీసా, జపనీసా? కాన్ ఓపిగ్గా లావోస్ ఎక్కడుందో, జనాభా ఎంతో చెబుతాడు. అంతా విని, ఆలోచించి, మళ్లీ అదే ప్రశ్న వేస్తారు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముందు రోజే ఆఫీసులో ఒకాయనకి తెలుగు వేరే భాష అని, 8 కోట్ల మందికి పైగా మాట్లాడతారని చెప్పాను. "ఓహో, అంటే హిందీ కదా" అన్నాడు.

ఇలాంటి పక్కింటి కథలు సిట్‌కామ్‌లలో, అంటే టీవీ కామెడీ సీరియళ్లలో, ఎవరు నిజాయితీగా తీశారు? చూసినవాళ్లు, పడ్డవాళ్లు చెప్పండి.

పాతటీవీ_పిచ్చి

కాన్ సీన్‌లో అసలు మెలిక మీరు చెప్పలేదు పంతులు గారూ. ఆ వీధిలో అతన్ని చూడగానే 'లావోస్ వాడు' అని కరెక్టుగా గుర్తుపట్టేది హ్యాంక్ తండ్రి కాటన్. అందరిలోకీ పెద్ద జాత్యహంకారి ఆ ముసలాయనే. మంచివాళ్లకి తెలీదు, చెడ్డవాడికి తెలుసు. రాసినవాడికి దండం పెట్టాలనిపించింది నాకు.

ఇక ఈ కథలన్నిటికీ మూలపురుషుడు ఆర్చీ బంకర్, వేరే జాతులంటే పడని తెల్లాయన పాత్ర. షో 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ', సీబీఎస్ చానెల్, 1971 జనవరి 12న మొదలు. ఊరు న్యూయార్క్ క్వీన్స్. తీసింది నార్మన్ లియర్, బ్రిటన్‌లో వచ్చిన 'టిల్ డెత్ అస్ డూ పార్ట్' ఆధారంగా. మొదటి సీజన్‌లోనే ఒక ఎపిసోడ్: పక్కిల్లు నల్లవాళ్లు కొన్నారని ఆర్చీకి తెలుస్తుంది, ఇల్లంతా గోల. తీరా వచ్చేది రోజూ వాళ్లింట్లో తిరిగే కుర్రాడు లయోనెల్ కుటుంబమే! తెలిసిన కుర్రాడైనా సరే, వాడి కుటుంబం గోడ అవతలికొస్తే ఆర్చీకి నిద్ర పట్టదు. ఇప్పుడు నాకు ఏ లెక్చరూ అక్కర్లేదు, ఈ ఒక్క ముక్క చాలు.

దీని వెనక డబ్బు కూడా ఉంది, అది మర్చిపోతాం. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్ష కూడదని అమెరికాలో చట్టం వచ్చింది 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. అంటే ఈ షో కంటే మూడేళ్లు కూడా ముందు కాదు. నల్లవాళ్లు వస్తున్నారు, రేటు పడిపోతుంది అని బ్రోకర్లే పుకారు పుట్టించి, తెల్లవాళ్ల దగ్గర తక్కువకి కొని నల్లవాళ్లకి ఎక్కువకి అమ్మేవాళ్లు. దాన్ని 'బ్లాక్‌బస్టింగ్' అంటారు. ఆ మాట మీదే ఒక ఎపిసోడ్ ఉంది. ఇరుగుపొరుగు ద్వేషంలో సగం రియల్ ఎస్టేట్ భయమే అని అరగంట కామెడీలో చెప్పారు.

నల్లకుంట_నాని

కామెడీని కామెడీలా చూడలేమా బ్రో? 'మైండ్ యువర్ లాంగ్వేజ్' అని పాత బ్రిటిష్ సిట్‌కామ్, రకరకాల దేశాలవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకునే క్లాసు. మా నాన్న ఇప్పటికీ యూట్యూబ్‌లో చూసి నవ్వుతాడు. రంజీత్ సింగ్ "థౌజండ్ అపాలజీస్" అంటే మా ఇంట్లో మేమంతా అంటాం. అందులో అందరినీ ఏడిపించారు, ఒక్కళ్లనే కాదు.

రిటైర్డ్_డాక్టర్_బర్మింగ్‌హామ్

నాని బాబూ, మీ నాన్నగారు నవ్వుతున్నది నల్లకుంటలో ఆయన సొంత హాల్లో కూర్చుని. నేను నవ్వింది వేరే చోట.

1974లో గుంటూరు నుంచి వచ్చాను, జూనియర్ డాక్టర్‌ని. ఆసుపత్రి పేరు ఎందుకులే. డాక్టర్ల క్వార్టర్స్‌లో కామన్ రూమ్, అందులో ఒకటే టీవీ. వారానికోసారి 'లవ్ దై నైబర్' వచ్చేది, ఐటీవీలో. తెల్ల ఎడ్డీ, పక్కింట్లో నల్ల బిల్. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. తమాషా ఏమిటంటే ఎడ్డీ సోషలిస్టు, యూనియన్ మనిషి, బిల్ కన్సర్వేటివ్. భార్యలిద్దరూ స్నేహంగా ఉంటారు, మొగుళ్లు మాత్రం కొట్టుకుంటారు. ఎడ్డీ ఒక తిట్టు తిడితే బిల్ ఒకటి తిడతాడు, బిల్లే తరచు గెలుస్తాడు. చెల్లుకు చెల్లు అని తీసినవాళ్ల సమర్థింపు.

ఆ గదిలో పది పన్నెండు మందిమి. నేను కాక ఇంకొక పాకిస్తానీ డాక్టరు. జోకు పేలగానే టీవీలో నవ్వు వచ్చేది, గదిలో నవ్వు వచ్చేది, వెంటనే రెండు మూడు తలలు మా వైపు తిరిగేవి. మేము నవ్వుతున్నామా లేదా అని. నేను నవ్వేవాణ్ణి. టీ కప్పు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేవాణ్ణి. మర్నాడు వార్డులో ఎడ్డీ తిట్లు నాకు వినపడేవి, సరదాకే. బిల్ తిట్లు తిరిగి అనే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే నా తర్వాతి ఉద్యోగానికి రిఫరెన్సు రాయాల్సింది వాళ్లే. చెల్లుకు చెల్లు టీవీలోనే.

'మైండ్ యువర్ లాంగ్వేజ్' బాగా ఆడుతుండగానే ఆపించింది మైకేల్ గ్రేడ్ అనే పెద్ద అధికారి, ఇది అవమానకరంగా ఉందని. అప్పుడు నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నా. మనవాళ్లు టీవీలో కనిపించేదే అందులో, అదీ తీసేశారేమిటని.

నల్లకుంట_నాని

సారీ డాక్టరు గారూ, అలా ఆలోచించలేదు. కానీ ఒకటి గుర్తొచ్చింది. దాన్నే హిందీలో 'జబాన్ సంభాల్‌కే' అని తీశారు, 1993, పంకజ్ కపూర్ మాస్టారు. హిందీ నేర్చుకునే ఆ క్లాసులో ఇంగ్లిషాయన టామ్ ఆల్టర్, మన దక్షిణాది పాత్ర ఒకే గదిలో! చిన్నప్పుడు తేడా తెలియలేదు. ఢిల్లీలో రెండేళ్లు రూమ్‌లో ఉండొచ్చాక తెలిసింది.

రమ్య_క్వీన్స్

నేనుండేది ఆర్చీ బంకర్ ఊళ్లోనే, క్వీన్స్‌లో. ఆర్చీ లాంటి వాళ్లు భయపడినట్టే జరిగింది, ఇప్పుడు మా బ్లాక్‌లో గుజరాతీలు, బంగ్లాదేశీలు, ఈక్వడార్ వాళ్లు, మేము. ఎవరి ఇల్లూ రేటు పడలేదు, కొనలేక చస్తున్నాం 🙂

ఇదే క్వీన్స్‌లో పెరిగిన మన తెలుగింటి అబ్బాయి హరి కొండబోలు, స్టాండప్ కమెడియన్. 'ద సింప్సన్స్'లో అపు గురించి 2017లో డాక్యుమెంటరీ తీశాడు. అపు కిరాణా కొట్టు నడిపే ఇండియన్, గొంతు మాత్రం హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. హరి గొడవ అపు చెడ్డవాడని కాదు. చాలా ఏళ్లపాటు అమెరికా టీవీలో మన పోలికలున్న మనిషి దాదాపు వాడొక్కడే, స్కూల్లో పిల్లలు ఆ యాసతోనే మనల్ని పిలిచేవాళ్లు, అదీ గొడవ. నన్నూ పిలిచారు. ఏడో క్లాసులో లంచ్‌బాక్స్ మూత తీస్తే వెనక నుంచి "థాంక్యూ, కమ్ అగైన్" అని, అపు కొట్లో అనే మాట. నాది పులిహోర. కొట్టు లేదు, ఏమీ లేదు.

2018లో 'సింప్సన్స్' వాళ్లు జవాబు ఇచ్చారు: అందులో లీసా అనే పాప ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడి అపు ఫోటో వైపు చూస్తుంది. నాకు అది హెచ్‌ఓఏ మెయిల్ లాగే అనిపించింది, పేరు పెట్టకుండా తిట్టడం. అజారియా మాత్రం 2020లో ఆ గొంతు మానేశాడు, తర్వాత ఏడాది క్షమాపణ కూడా చెప్పాడు. పంతులు గారి కాన్‌కి కూడా ముందు తెల్లాయనే గొంతు. 2025లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆసియా మూలాలున్న రానీ చియెంగ్‌కి ఇచ్చారు.

పాతటీవీ_పిచ్చి

డాక్టరు గారు చెప్పిన 'గదిలో నవ్వు' మీద నిజంగానే పరిశోధన జరిగింది. 1974లో విడ్మార్, రోకీచ్ అనే ఇద్దరు ఆర్చీ బంకర్ ప్రేక్షకుల్ని అడిగి చూశారు. జాతి ద్వేషం ఎక్కువ ఉన్నవాళ్లు ఆర్చీని వెక్కిరిస్తున్నారని అనుకోలేదు, ఆర్చీ మా మనిషి అనుకున్నారు. లియర్ అద్దం పట్టాననుకుంటే వాళ్లు అందులో దువ్వుకున్నారన్నమాట.

అయినా నేను ఆ షోని వదలను. 1972లో నల్ల గాయకుడు శామీ డేవిస్ జూనియర్ ఆర్చీ ఇంటికొచ్చే ఎపిసోడ్ చూడండి. ఆర్చీ నడిపిన ట్యాక్సీలో శామీ తన బ్రీఫ్‌కేస్ మర్చిపోయి దానికోసం వస్తాడు. చివర్లో ఫోటో దిగుతారు. కెమెరా క్లిక్‌మనే క్షణానికి శామీ చటుక్కున ఆర్చీ బుగ్గ మీద ముద్దు పెడతాడు. ఆర్చీ మొహం చూడాలి! స్టూడియోలో జనం నవ్వు ఎంతకీ ఆగదు. అక్కడ నవ్వు ఎవరి మీదో ఎవరికీ అనుమానం ఉండదు.

ఇంకో సంగతి. లయోనెల్ తండ్రి జార్జ్ జెఫర్సన్ చాలాకాలం తెర మీదకి రాడు. తెల్లవాడి గడప తొక్కను అంటాడట. ఆ పాత్రకి అనుకున్న షెర్మన్ హెమ్‌స్లీ బ్రాడ్‌వేలో నాటకంలో ఉండటంతో ఆయన కోసం ఆగారు, 1973లో వచ్చాడు. అంటే ద్వేషం ఒక పక్కే కాదు. కానీ లియర్ రెండిటినీ ఒకే తక్కెడలో వేయలేదు. జార్జ్ కోపానికి కారణం చూపించాడు, ఆర్చీ భయానికి కారణం వెతుక్కోమన్నాడు. 'లవ్ దై నైబర్'కీ దీనికీ తేడా అక్కడే.

చికాగో_చిన్నోడు

తాతల కాలం షోలు చాలు అన్నా 😄 'ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్‌ఎయిర్', 1990, పోలీసులు ఆపే ఎపిసోడ్. విల్, కార్ల్‌టన్ అనే ఇద్దరు నల్ల కుర్రాళ్లు బెంజ్ కారులో పామ్ స్ప్రింగ్స్ బయల్దేరతారు. నెమ్మదిగా వెళ్తున్నారని ఆపి, కారు దొంగలని లోపలేస్తారు. ఇంటికొచ్చాక కూడా కార్ల్‌టన్ "పోలీసులు వాళ్ల డ్యూటీ చేశారు" అంటాడు. వాడు డబ్బున్న పేటలో పెరిగినవాడు. వాళ్ల నాన్న లాయరు. ఆయన్ని అడుగుతాడు, నువ్వైతే ఆపేవాడివి కాదా అని. నన్ను మొదటిసారి ఆపినప్పుడు నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను అని చెప్పి ఆయన వెళ్లిపోతాడు. కార్ల్‌టన్ ఒక్కడూ మిగులుతాడు. అక్కడ నవ్వు లేదు.

కార్ల్‌టన్ అంటే మనమే అన్నా. నీట్‌గా డ్రెస్సు, మంచి పేట, మంచి స్కూలు, మనకేం కాదులే అని. 2017లో కాన్సస్‌లో ఒక బార్‌లో మన తెలుగు ఇంజినీరుని కాల్చి చంపాక మా నాన్న ఫోన్ చేసి "బయట తెలుగులో మాట్లాడకురా" అన్నాడు. ఆ ఫోన్ పెట్టాక నాకు గుర్తొచ్చింది ఈ ఎపిసోడే.

టులెట్_బాధితురాలు

అందరూ అమెరికా, లండన్ మీద బాగా రాశారు. నాకొక డౌటు. హైదరాబాద్‌లో ఇల్లు వెతికితే మొదటి ప్రశ్న ఏమిటి? "మీరేమిట్లు?" రెండోది "నాన్‌వెజ్ వండుతారా?" మూడో ఇంటికి నేను అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. నాలుగో ఇంటావిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి వాసన చూసేది, ఆదివారాలు ప్రత్యేకంగా.

'అమృతం' నాకు ప్రాణం. అప్పాజీ లాంటి ఇంటి ఓనరు మళ్లీ రాడు. కానీ అప్పాజీ కూడా అద్దె కోసమే అరుస్తాడు గానీ ఈ ప్రశ్న అడిగినట్టు నాకు గుర్తులేదు. మన దగ్గర ఆర్చీ బంకర్లు ఏ వీధిలో చూసినా ఉన్నారు, ఆ పాత్ర రాసేవాళ్లే లేరు. రాస్తే మనోభావాలు ఒక్కటి కాదు, పది దెబ్బతింటాయి. మన కామెడీలో యాస చాలు, తెలంగాణ యాసో, శ్రీకాకుళం యాసో పెట్టేస్తే జోకు అయిపోయినట్టే.

రమ్య_క్వీన్స్

అయ్యో అక్కా, ఇక్కడ మన వాట్సాప్ గ్రూపుల్లో బేస్‌మెంట్ అద్దెకి ఇచ్చేవాళ్లు కూడా అదే అడుగుతున్నారు. ఇంగ్లిషులో అడుగుతారు, అంతే తేడా.

ప్లేనో_పంతులు

అందరికీ థాంక్స్. డాక్టరు గారి టీ కప్పు రెండు రోజులుగా వదలడం లేదు.

అప్‌డేట్: మామగారికి మెయిల్ సంగతి చెప్పలేదు. నిన్న సాయంత్రం నేనే గరాజ్ తలుపు దించబోతే ఎదురింటాయన రోడ్డు దాటి వచ్చాడు, చేతిలో మడత కుర్చీ. మామగారి పక్కన వేసుకున్నాడు. ఈయనకి ఇంగ్లిష్ రాదు, ఆయనకి తెలుగు రాదు. ఇద్దరూ వెళ్లే కార్లు చూస్తూ ముప్పావు గంట కూర్చున్నారు. ఆ మెయిల్‌కి ఫిర్యాదు చేసింది ఆయనేనేమో అని నేను లోపల నుంచి అనుమానంగా చూస్తూనే ఉన్నాను. వెళ్లేటప్పుడు నన్ను అడిగాడు: మీ మామగారు కట్టుకున్నది ఎక్కడ దొరుకుతుంది, ఎండాకాలానికి బాగుండేలా ఉంది అని.

ఇండియా నుంచి ఎవరైనా వచ్చేవాళ్లుంటే చెప్పండి. రెండు లుంగీలు తెప్పించాలి, ఆయన ఆరడుగులు ఉంటాడు.