అమ్మాయి ఫిషరీస్, వైల్డ్‌లైఫ్ రెండూ కలిపి చదువుతానంటోంది, చెన్నై దగ్గర్లో ఏమన్నా ఉందా?

నాయుడుపేట నాన్న:
అందరికీ నమస్కారం అండి. మాది నెల్లూరు వైపు, పద్దెనిమిదేళ్ల నుంచి చెన్నైలోనే, అంబత్తూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడు ప్లస్ టూ బయాలజీ గ్రూపు అయిపోయింది, మార్కులు బానే వచ్చాయి, నీట్ రాసింది గానీ దాని మీద దానికే నమ్మకం లేదు. మేమేమో నర్సింగో ఫార్మసీయో అనుకుంటుంటే మొన్న భోజనాల దగ్గర నింపాదిగా చెప్పింది, ఫిషరీస్ అండ్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ చదువుతా నాన్నా అని. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఆ పేరుతోనే డిపార్ట్‌మెంట్ ఉందట, యూట్యూబ్‌లో చూసిందట. అంత దూరం పంపే తాహతు మాకు లేదు, ఆ సంగతి దానికీ తెలుసు, ఇక్కడే ఎక్కడన్నా చూడమంటోంది. మా బావగారైతే ఫోన్లో విని చేపలమ్ముకోడానికి డిగ్రీ ఎందుకయ్యా అని ఒకటే నవ్వు.
ఇంతకీ నా ప్రశ్న ఏంటంటే మన దగ్గర అలా రెండూ కలిపిన కోర్సు ఉందా, ఉంటే ఉద్యోగాలొస్తాయా, ఆడపిల్లకి ఇబ్బంది ఉండదా. ఇంకోటి, మా కమ్యూనిటీ సర్టిఫికెట్ ఆంధ్రాది, అది ఇక్కడ పనికొస్తుందో లేదో తెలిసినవాళ్లు చెప్పండి.

చెక్‌ట్రే:
అన్నా నేను మీ నెల్లూరు దగ్గర ముత్తుకూరు కాలేజీలో బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ చేశా, ఇప్పుడు చెన్నైలోనే ఆక్వా లైన్‌లో, అంటే చేపలు రొయ్యల పెంపకం వైపు ఉన్నా, నాకు తెలిసింది చెప్తా. రెండూ కలిపి ఒకే డిగ్రీ అని మన దగ్గర అడిగితే దొరకదు. చేపల వైపు చదువు బీఎఫ్ఎస్సీ, నాలుగేళ్లు. మీకు అన్నిటికంటే దగ్గర పొన్నేరి, సూళ్లూరుపేట లోకల్ ఎక్కితే దారిలోనే దిగొచ్చు, నాగపట్నంలో ఉన్న తమిళనాడు ఫిషరీస్ యూనివర్సిటీ కింద కాలేజీ అది. తూత్తుకుడిలో ఉన్నది పాతది, 1977 నుంచి ఉంది. వీటికి నీట్‌తో పని లేదు, ప్లస్ టూ మార్కుల మీదే కౌన్సెలింగ్. పాప ఇక్కడే చదివింది కాబట్టి అప్లై చేయొచ్చు గానీ మీరన్న కమ్యూనిటీ సర్టిఫికెట్ వేరే రాష్ట్రానిదైతే ఇక్కడ ఓసీ కిందే చూస్తారు, ఆ లెక్కలోనే ఆలోచించుకోండి, నేటివిటీ రూలు, అంటే ఏ రాష్ట్రం వాళ్ల కింద లెక్కేస్తారన్నది మాత్రం ప్రాస్పెక్టస్‌లో పదానికి పదం చదవండి. ముత్తుకూరు, అంటే ఆంధ్రా సీట్లు, ఈఏపీసెట్, అదే పాత ఎంసెట్, ర్యాంకు మీద ఇస్తారు, అక్కడ పాప నాన్ లోకల్ అయిపోద్ది. మన చెన్నై తెలుగోళ్ల బతుకింతే అన్నా, అక్కడా కాదు ఇక్కడా కాదు. దేశమంతటికీ కలిపి పెట్టే సీయూఈటీ ఎంట్రన్స్ రాస్తే ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) కోటా ఒకటి ఉంది, దాంతో మంగళూరు లాంటివి కూడా పెట్టుకోవచ్చు, దేశంలో మొట్టమొదటి ఫిషరీస్ కాలేజీ అదే, 1969లో పెట్టారు.

చదువు ఎలా ఉంటదంటే బావగారు అనుకున్నట్టు బజారు చేపల సంగతి కాదు. నాకు బాగా గుర్తున్న క్లాసు ఒకటి చెప్తా. కత్తాళై అని ఇక్కడ దొరికే సముద్రపు చేప తల ఇచ్చి చెవి రాయి తీయమన్నారు. చేపకి చెవి బయటికి కనపడదు గానీ పుర్రె లోపల మెదడు కింద రెండు పెద్ద తెల్ల రాళ్లుంటాయి, కత్తాళైకైతే చింతగింజంత పెద్దవి కూడా ఉంటాయి. దాన్ని అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో లాగా వలయాలు, వాటిని లెక్కపెట్టి చేప వయసు చెప్తారు. వయసు తెలిస్తేనే సముద్రంలో ఆ రకం ఎంత వేగంగా పెరుగుతోంది, ఎంత పట్టొచ్చు అన్న లెక్క మొదలవుద్ది. రెండు రోజులు చేతికి వాసన పోలేదు, మెస్‌లో పెరుగన్నం కూడా చేపన్నం లాగే ఉండేది.

ఉద్యోగాలంటే ఆంధ్రాలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులు, ఇక్కడ టీఎన్‌పీఎస్సీ (తమిళనాడు సర్వీస్ కమిషన్) ద్వారా ఫిషరీస్ డిపార్ట్‌మెంట్, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకి ఫిషరీస్ డిగ్రీ చెల్లుద్ది, నాబార్డ్ గ్రేడ్ ఏ ఆఫీసర్ పరీక్షలో కూడా ఈ సబ్జెక్ట్ ఉంది. ప్రైవేట్‌లో మేత కంపెనీలు, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు. నా మొదటి ఉద్యోగం ఈసీఆర్ రోడ్డు మీద ఒక హేచరీలో, పేరొద్దులే, తెల్లమగ్గులో రొయ్య పిల్లల్ని లెక్కపెట్టి పెట్టి కళ్లు పోయినాయి, మూడు నెలలు జీతం ఆపారు. తర్వాత మేత కంపెనీలో చేరి బండి మీద చెరువు చెరువూ తిరిగా. రైతు తెల్లారుజామున 3 గంటలకి ఫోన్ చేస్తాడు, ఆ టైంకే నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది, చీకట్లో నాచు కూడా ఆక్సిజనే తాగుద్ది కదా, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ ఆగిందంటే తెల్లారేసరికి పంటంతా అడుగున. ఆడపిల్లలు ఈ ఫీల్డ్ పని చేయలేరని కాదు, మా బ్యాచ్‌లో చేసినవాళ్లున్నారు, కాకపోతే ఎక్కువ మంది ల్యాబ్ వైపో, పీజీ, అంటే ఎంఎఫ్ఎస్సీకో, ముంబైలో ఫిషరీస్ పైచదువులుండే సీఐఎఫ్ఈకో పోయారు.

అడయార్ బుల్లోడు:
బావగారికి ఒక ముక్క చెప్పండి సార్, బాదుడు రేటుకి వంజరం కొనేటప్పుడు అమ్మేవాడి దగ్గర డిగ్రీ ఉందా అని అడగడు కదా, ఆ డబ్బులన్నీ ఎవరి జేబులోకి పోతున్నాయో ఒకసారి ఆలోచించమనండి 😀

ఫీల్డ్ నోట్‌బుక్:
నేను బెంగళూరులో ఉంటాను, వైల్డ్‌లైఫ్ వైపు ఏడేళ్లయింది. మీ అమ్మాయికి ముందు ఒక మాట చెప్పండి, డిగ్రీ లెవెల్లో వైల్డ్‌లైఫ్ కోసం వెతుక్కుంటూ ఏడాది వృథా చేసుకోవద్దు. మన దేశంలో అది ఎక్కువగా పీజీలో మొదలయ్యే చదువు. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే బయాలజీ పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఉంది, రెండేళ్లకోసారి మాత్రమే తీసుకుంటారు, అదీ గుప్పెడు మందిని. నా క్లాసులో ఇంజినీర్లున్నారు, డాక్టరు ఒకామె ఉంది, కాబట్టి బీఎఫ్ఎస్సీ చేసి రావడానికి అడ్డేమీ లేదు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మీ తమిళనాడులోనే మయిలాడుతురై దగ్గర ఏవీసీ కాలేజీలో ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ బయాలజీ ఉంది.

టీవీలో చూసి పులుల మధ్య తిరగడం అనుకుంటే మాత్రం కష్టం. మొదటి ఏడాది నేను పులిని చూసింది ఒక్కసారి, జింక పెంటికల్ని లెక్కపెట్టింది కొన్ని వేలసార్లు. జంతువుల్ని లెక్కపెట్టడానికి పొద్దున్నే ఆరింటికి అడవిలో ముందే అనుకున్న ఒక తిన్నటి గీత మీద నడవాలి, పక్కకి పోకూడదు, జంతువు కనపడితే ఎంత దూరంలో ఏ కోణంలో ఉందో రాసుకోవాలి, జలగలు కరుస్తున్నా చెయ్యి ఆపకూడదు, సాయంత్రం కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కించాలి. లెక్కలంటే భయమని బయాలజీ తీసుకుని ఉంటే ఇక్కడ మళ్లీ స్టాటిస్టిక్స్‌కే వచ్చి పడతారు. డబ్బు సంగతి కూడా చెప్పాలిగా, నెట్ పరీక్ష కొడితే జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, నెలకి 37,000, అది లేకుండా ప్రాజెక్టుల్లో చేరితే అంతకంటే చాలా తక్కువ, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుకులాట. మా అమ్మ ఇప్పటికీ పక్కింటోళ్లకి నేను ఫారెస్ట్ ఆఫీసర్ని అని చెప్పుకుంటోంది.

నాయుడుపేట నాన్న:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది, దానిదొక ప్రశ్న. అమెరికాలో చేపలూ అడవి జంతువులూ ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఎందుకున్నాయి, మన దగ్గర ఎందుకు విడదీశారు అని. నాకైతే ఈ ఆలోచనే రాలేదు.

ఫీల్డ్ నోట్‌బుక్:
పిల్ల మంచి ప్రశ్న వేసింది. అక్కడ వేట, చేపల వేట రెండూ లైసెన్సు కొనుక్కుని చేసేవి, రెండూ చూసేది రాష్ట్రంలో ఒకే శాఖ. 1937లో తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను జంతువుల సంరక్షణకి ఇచ్చేలా చట్టం తెచ్చారు, 1950లో గేలం సామాను మీద పన్నుకీ అలాంటి చట్టమే వచ్చింది. డబ్బొచ్చే దారి ఒకటే అయ్యేసరికి ఆ శాఖలకి మనుషుల్ని తయారు చేసే కాలేజీలు కూడా ఒక్కటిగానే ఎదిగాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలతో అడవి జంతువుల వేట అన్నది నేరం, జంతువులు అటవీ శాఖకి పోయాయి. చేప మాత్రం తిండి కాబట్టి మత్స్య శాఖకి పోయింది. ఒకరి ఫైలు ఇంకొకరు చూడరు.

కానీ వలకి ఈ శాఖలు తెలీవు కదా. చెన్నై తీరంలో జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లొస్తాయి, బోటు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో పడితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయి. 2025 జనవరిలో మెరీనా, నీలాంగరై వైపు వందల కొద్దీ కొట్టుకొచ్చాయి, పేపర్లలో చూసే ఉంటారు. తాబేలు ఆ 1972 చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ ఒకటి జంతువు, అంటే ఫారెస్టోళ్లది, పడవా వలా ఫిషరీస్‌వాళ్లవి.

చెక్‌ట్రే:
అవును, నేను ఇదే చెప్దామనుకుంటున్నా. వల తోకలో ఒక ఇనుప చట్రం పెడతారు, టెడ్ అంటారు, రొయ్య కమ్మీల సందులోంచి లోపలికి పోద్ది, తాబేలు కమ్మీలకి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుద్ది. బోటు వాళ్లకి చెప్తే దాంతో పాటు మా చేప కూడా పోద్దంటారు, వాళ్లని అనడానికీ లేదు, డీజిల్ ఖర్చు వాళ్లది. అది పెట్టట్లేదనే 2019లో మన సముద్రపు రొయ్యని కొనడం అమెరికా ఆపేసింది, చెరువు రొయ్యకి ఆ గొడవ లేదు. ఆ కంత ఎంతుండాలి, కమ్మీ ఎంత వాలు ఉండాలి అని చూసే పనే ఫిషింగ్ టెక్నాలజీ, బీఎఫ్ఎస్సీలో ఉంది. పాపకి రెండూ కావాలంటే దారి ఇదే నా లెక్కలో, ముందు పొన్నేరి, తర్వాత వైల్డ్‌లైఫ్ పీజీ.
ఒక పని చేయండన్నా, ఇప్పుడు ఎలాగూ సముద్రంలో చేపల వేట నిషేధం, జూన్ 14 దాకా మర బోట్లు కదలవు. ఆ తర్వాత వారం ఒక తెల్లారుజాము పాపని కాశిమేడు చేపల రేవుకి తీసుకెళ్లండి. ఆ బురదా ఆ కేకలూ ఆ వాసనలో రెండు గంటలు నిలబడి ఇంకా చదువుతాననిందంటే ఫీజు కట్టేయండి. జనవరిలో బీసెంట్ నగర్ తాబేళ్ల నడక కూడా ఉంది, 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్నారు, రాత్రంతా ఇసకలో నడవాలి.

నాయుడుపేట నాన్న:
అప్‌డేట్ అండి. పొన్నేరి ఫస్ట్ ఆప్షన్‌గా పెడుతున్నాం. కాశిమేడు దాకా ఆగలేదు మా పిల్ల, నిన్న ఆదివారం మార్కెట్‌లో కత్తాళై తల రెండు ఊరికే అడిగి తెచ్చుకుంది, వంటింటి గట్టు మీద వాళ్లమ్మ కొత్త కత్తితో గంటసేపు కుస్తీ. రెండో తలలో ఒక రాయి దొరికింది, నిజంగానే తెల్లగా పలకలాగా ఉంది, అగ్గిపెట్టెలో దూది వేసి దాచింది. మొదటి తలలోవి చితికిపోయినట్టున్నాయి. చెక్‌ట్రే గారూ, కత్తి ఎక్కణ్ణుంచి పెట్టాలో కాస్త చెప్పండి, మా ఆవిడ ఇంకో కత్తి ఇచ్చేలా లేదు.