పెళ్లి ప్రకటనకు ముందు హెచ్ఐవీ పరీక్ష కాగితం అడగడం సంఘానికి తగునా?

పరకాల సోదరి
గత ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ పెద్దలు ఒక తీర్మానం చదివారు. ఇకమీదట వధూవరులిద్దరూ హెచ్ఐవీ పరీక్ష కాగితం ఇస్తేనే, ఫలానా ఇద్దరికీ పెళ్లి అని చర్చిలో అందరి ముందు చెప్పే పెళ్లి ప్రకటన చదువుతారట. కాగితాలు సంఘం బీరువాలో దాస్తారట. ఇద్దరు ఆడపిల్లల తల్లిని, మొదట సంతోషించాను. ఇంటికి వచ్చాక ఆ బీరువా గుర్తొచ్చింది. దాని తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి. స్త్రీల సమాజం తరఫున వచ్చే నెల కమిటీలో నేను మాట్లాడాలి. మీరేమంటారు?

నర్సంపేట పాస్టర్
అమ్మా, ఆ తీర్మానం సరైనదే. ప్రభుత్వం 2004లో హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా మొదలుపెట్టక ముందే నేను సేవలోకి వచ్చాను. ఒకే ఇంటి నుంచి ముందు భర్తను, ఏడాది తిరగకుండానే భార్యను సమాధి చేశాను. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు. వాళ్ల పెళ్లి చేసింది నేనే. పిల్లవాడి జబ్బు సంగతి అతని ఇంటివాళ్లకు ముందే తెలుసని తర్వాత బయటపడింది. "మీరైనా ఒక మాట అడగలేకపోయారా అయ్యగారూ" అని ఆమె తల్లి సమాధి దగ్గరే నన్ను నిలదీసింది. హక్కుల గురించి చెప్పేవారు ముందు ఆ తల్లికి జవాబు చెప్పాలి.

జగిత్యాల నుంచి
గల్ఫ్‌కు వెళ్లే ప్రతి పిల్లవాడికీ మెడికల్‌లో ఈ పరీక్ష చేస్తున్నారు. ఉద్యోగానికి లేని సిగ్గు పెళ్లికి ఎందుకు?

హనుమకొండ కౌన్సెలర్
జగిత్యాల అన్నా, మెడికల్‌లో 'అన్‌ఫిట్' అని వచ్చిన పిల్లవాడు ఊరికి తిరిగి వచ్చాక ఎలా బతుకుతున్నాడో కూడా చూడండి. వీసా ఎందుకు రాలేదో ఊరంతా ఊహిస్తుంది.

పాస్టర్ గారూ, మీ బాధను తీసిపారేయలేను. కానీ ఆ కాగితం మీరనుకున్నంత కాపాడదు. కొత్తగా సోకినవారిలో కొన్ని వారాలపాటు, ఒక్కోసారి మూడు నెలల వరకూ పరీక్షలో తేలకపోవచ్చు. పైగా 2017 నాటి హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం పరీక్షకు ఒత్తిడి లేని సమ్మతి కావాలి. ప్రకటన ఆపుతామంటే అది సమ్మతి ఎలా అవుతుంది? భాగస్వామికి ప్రమాదం ఉంటే, ముందు రోగికి నచ్చజెప్పి, అప్పటికీ అతను చెప్పకపోతే తామే చెప్పే వీలును ఆ చట్టం వైద్యుడికి, కౌన్సెలర్‌కు ఇచ్చింది. సంఘ పెద్దలకు ఇవ్వలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్వస్థత కూటాలు. నెలకోసారి మందులకు వచ్చేవారి డబ్బాలో మిగిలిన మాత్రలు మేం లెక్కపెడతాం. ఒకామె డబ్బా మూత తీస్తే ముప్పైలో ఇరవై ఆరు అలాగే ఉన్నాయి. నూనె రాసి ప్రార్థించిన బోధకుడు, విశ్వాసం ఉంటే మాత్రలు ఎందుకన్నాడట. మాత్రలు మానిన కొన్ని వారాలకే వైరస్ మళ్లీ పెరుగుతుంది. అదే రోజూ వేసుకుంటూ వైరస్ లోడు, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్ఐవీ సోకదు. ఈ ఒక్క మాట వేదిక మీద నుంచి చెప్పిన పాస్టర్‌ను ఇంతవరకూ నేను చూడలేదు.

కాజీపేట కథోలిక
మా దగ్గర పెళ్లికి ముందు జంటలకు తరగతులు ఉంటాయి. ఈ సంగతి అక్కడ చెప్పవచ్చు. కండోమ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఫాదర్లు మాట మారుస్తారు. వాటితో సమస్య పెరుగుతుందని 2009లో అన్న పోప్ బెనెడిక్ట్, మరుసటి ఏడాది, కొన్ని సందర్భాల్లో వాటి వాడకం బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చన్నారు. ఆ రెండో మాట మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఎవరి నోటా వినలేదు.

పేరు వద్దు, నిజామాబాద్
పన్నెండేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాను. నా భర్త నుంచి నాకు వచ్చింది. ఆయన పోయాక, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు, అందరూ ఒకే గిన్నెలో తాగుతుంటే, నాకు మాత్రం ఒక పెద్దాయన చిన్న స్టీలు గ్లాసులో ద్రాక్షరసం పోసి ఇచ్చాడు. ఆరాధన అయ్యాక ఆ గ్లాసును విడిగా, కిటికీ గూట్లో బోర్లించాడు. గిన్నె ద్వారా హెచ్ఐవీ రాదని అక్కడ చదువుకున్నవారందరికీ తెలుసు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

మా తాతకు కుష్ఠు. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో మొదలుపెట్టిన ఆసుపత్రిలోనే ఆయనకు నయమైంది. అక్కడ తన పుండు కడిగిన చేతులను చూసి ఆయన క్రీస్తును నమ్ముకున్నాడు. మా ఇంట్లో విశ్వాసం అలా వచ్చింది. పాస్టర్ గారూ, మీ బీరువాలో నా కాగితం ఉంటే, నాకు ఇచ్చేది ఏ గ్లాసు?

నర్సంపేట పాస్టర్
అమ్మా, రెండు రోజులుగా మీ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. మా బల్ల దగ్గర మీకు విడి గ్లాసు ఉండదు. కాగితం దాచాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పెళ్లికి ముందు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, పరీక్ష చేయించుకుని ఒకరికొకరు చెప్పుకోండి అని అడగడం మానను. ఆ తల్లి మాట నాతోనే ఉంది.

జగిత్యాల నుంచి
నేను మాత్రం కాగితమే కావాలంటాను. నోటిమాటను నమ్మి పిల్లను ఇవ్వలేను.

పరకాల సోదరి
జగిత్యాల అన్నా, మీ భయం నాకూ ఉంది. అయినా బీరువాకు ఒప్పుకోనని కమిటీలో చెబుతాను. కౌన్సెలర్ గారూ, తరగతి పెడితే ఒక ఆదివారం మధ్యాహ్నం మా సంఘానికి రాగలరా? మాత్రల సంగతి మా పాస్టర్ గారి సమక్షంలోనే చెప్పాలి.