ఉగ్రవాద కేసులో నిర్దోషిగా తేలిన వారికి ప్రభుత్వం పరిహారం ఇవ్వాలా?

నాంపల్లి న్యాయవాది:

2012 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మంది యువకులకు 70 లక్షల రూపాయలు పంచింది. మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన వాళ్లు వీళ్లు. జైల్లో మగ్గి, చివరికి కోర్టులో నిర్దోషులుగా బయటపడిన వారికి 3 లక్షల చొప్పున, విచారణకని తీసుకెళ్లి వదిలేసిన వారికి 20 వేల చొప్పున ఇచ్చారు. మరుసటి ఏడాది హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కేసు వీగిపోయినంత మాత్రాన పరిహారం పొందే హక్కు పుట్టదన్నది ఆ తీర్పు సారం.

ఈ మాట ఎప్పుడు వచ్చినా ఒకరు జాలి చూపిస్తారు, మరొకరు పోలీసుల చేతులు కట్టేస్తారా అని కోప్పడతారు. నా వాదన ఈ రెండింటికీ చెందదు. తప్పుగా పట్టుకున్నప్పుడు ప్రభుత్వం ఒప్పుకుని మూల్యం చెల్లించడం అనేది తర్వాతి బాంబును ఆపే పనిలో ఒక భాగం. అది లేకపోతే ఆ పని సగమే జరుగుతుంది.

ఏం జరిగిందో చూడండి. 2007 మే 18, శుక్రవారం. మధ్యాహ్న నమాజు వేళ మసీదులో వజూఖానా (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు) దగ్గర బాంబు పేలి 9 మంది పోయారు. తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. స్థానిక పోలీసుల అనుమానం పాతబస్తీ యువకుల మీదికి మళ్లింది. వాళ్లను గుర్తు తెలియని చోట్ల ఉంచి కొట్టారని, కరెంటు షాకులు పెట్టారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది 2008లో నివేదిక ఇచ్చారు. పేలుడు కేసును చేపట్టిన సీబీఐ పూర్తిగా వేరే ముఠా మీద, హిందుత్వవాదులని చెప్పిన వారి మీద చార్జిషీటు వేసింది. 2011లో కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకి వెళ్లింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. నమాజుకు వెళ్లిన ఆ తొమ్మిది మందిని చంపిందెవరో ఏ కోర్టూ తేల్చలేదు.

జర్నలిజం విద్యార్థి:

సార్, ఒక సందేహం. మేలో మక్కా మసీదు, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. మధ్యలో ఉన్నది మూడు నెలలే. మేలో సరైన వాళ్లను పట్టుకుని ఉంటే ఆగస్టులో నలభై మందికి పైగా చనిపోయేవారు కాదని కొందరు అంటారు. నిజమేనా?

విశ్రాంత పోలీసు:

కాదు బాబూ. ఆగస్టు పేలుళ్లు ఇండియన్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద సంస్థ పని. 2018 సెప్టెంబరులో ఇద్దరికి ఉరిశిక్ష, వారికి ఆశ్రయమిచ్చిన ఒకరికి యావజ్జీవం పడ్డాయి. మక్కా మసీదు కేసులో సీబీఐ చార్జిషీటు వేసింది వేరే వాళ్ల మీద. ఈ రెండింటినీ ఒకే తాడుకు కట్టకూడదు.

ఇక న్యాయవాది గారి ప్రశ్న. నేను ఇరవై ఏళ్లకు పైగా స్పెషల్ బ్రాంచిలో పనిచేసి దిగినవాణ్ణి. పేలుడు జరిగిన రాత్రి మా దగ్గర ఉండేది పాత జాబితాలు, ఫోన్ రికార్డులు, ఇన్‌ఫార్మర్ చెప్పిన నాలుగు పేర్లు. ఎవరు దోషో ముందే తెలిస్తే పేలుడే జరగదు కదా. పది మందిని పిలిచి అడిగితే తొమ్మిది మందికి ఏ సంబంధమూ ఉండదు. ఆ తొమ్మిది మందికీ చెక్కులు రాయాలంటే పదో మనిషిని పిలవడానికి కూడా అధికారి వెనకాడతాడు.

రెండోది, నిర్దోషి అని తీర్పు వస్తే నేరం చేయలేదని రుజువైనట్టు కాదు. సాక్షి ఎదురు తిరుగుతాడు, పంచనామా నిలబడదు, సంశయ లాభం కింద ముద్దాయి బయటపడతాడు. గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయం మీద జరిగిన దాడి కేసులో ఆరుగురిని సుప్రీంకోర్టు 2014లో విడుదల చేసింది. పరిహారం అడిగితే 2016లో అదే కోర్టు ఇవ్వనంది, అలా ఇస్తే ప్రమాదకరమైన ఆనవాయితీ అవుతుందంది.

మూడోది, సూటిగా అడుగుతున్నాను. 2018లో విడుదలైన ఆ ఐదుగురికీ మీరు పరిహారం ఇస్తారా? లేక పాతబస్తీ యువకులకేనా?

దిల్‌సుఖ్‌నగర్ వాసి:

మా తమ్ముడు 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, బాంబులు పేలినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాడు. బతికాడు. చెవి ఒకటి వినపడదు, కాలిలో ఇనుప ముక్కలు ఇంకా ఉన్నాయి. ప్రకటించిన సాయం చేతికి రావడానికి మా నాన్న ఎన్ని గుమ్మాలు ఎక్కారో చెప్పుకుంటూ పోతే ఇక్కడ చోటు చాలదు. కాబట్టి నిందితులకు పరిహారమని విన్నప్పుడల్లా మొదట నాకు మండుకొస్తుంది. గాయపడినవాళ్ల వరుస ముందు ఉండాలి కదా అనిపిస్తుంది. విశ్రాంత పోలీసు గారు చెప్పినదానిలో చాలా భాగం నా మనసులోని మాటే.

అయితే మా కేసు ఎలా నిలబడిందో నేను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చాను, అది ఇక్కడ చెప్పాలి. బాంబులు పెట్టినవాళ్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో గది అద్దెకు తీసుకున్నారు. జుమేరాత్ బజారులో పాత సైకిళ్లు కొన్నారు. పేలుడు సామగ్రి మంగళూరు నుంచి తెచ్చుకున్నారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా దొరికాయి. అదే ఏడాది ఆగస్టులో ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్ నేపాల్ సరిహద్దు వైపు పట్టుబడ్డాడు. 150 మందికి పైగా సాక్షులను కోర్టు విన్నది. 2016 డిసెంబరు 19న ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ మాత్రం దొరకలేదు.

ఇంట్లో అద్దెకున్న మనిషి గురించి, అంగడిలో సరుకు కొన్న మనిషి గురించి మామూలు జనం నోరు విప్పితేనే ఇలాంటి కేసు నిలబడుతుంది. వాళ్లు భయపడి తలుపేసుకుంటే మా తమ్ముడి కేసు ఏమయ్యేది? నేను న్యాయవాది గారి వైపు కొంచెం జరిగింది ఈ ఒక్క కారణం వల్లే.

నాంపల్లి న్యాయవాది:

అమ్మా, మీరు చెప్పింది నా వాదన కన్నా బలంగా ఉంది. గాయపడినవారి వరుస ముందు ఉండాలన్నదానిపై నాకు రెండో మాట లేదు. ఒకరికి ఇవ్వడానికి మరొకరిది ఆపాల్సిన అవసరమూ లేదు.

విశ్రాంత పోలీసు గారూ, మీ మూడో ప్రశ్నకు నా జవాబు: ఇస్తాను. ఆ ఐదుగురి మీద సాక్ష్యం కల్పించారని, లేదా బెదిరించి వాంగ్మూలం రాయించుకున్నారని న్యాయమూర్తి తేలిస్తే వాళ్లకూ ఇవ్వాల్సిందే. మతాన్ని బట్టి కొలబద్ద మారితే అది న్యాయం అనిపించుకోదు.

మీ రెండో అభ్యంతరంలో పస ఉంది. ప్రతి విడుదలకూ పరిహారం ఉండాలని నేను అనడం లేదు. సంశయ లాభం వేరు, కట్టుకథ వేరు. లా కమిషన్ 2018 ఆగస్టులో ఇచ్చిన 277వ నివేదిక ఈ గీతనే గీసింది. దురుద్దేశంతో, కల్పిత సాక్ష్యాలతో నడిపిన కేసులకు పరిహారం ఉండాలి, దానికి ప్రత్యేక కోర్టులు ఉండాలి అని చెప్పింది. ఆ సిఫార్సు మేరకు చట్టం రాలేదు.

ఇప్పుడున్న చట్టం ఏమిస్తుందో చదివితే మనసు కలుక్కుమంటుంది. తగిన కారణం లేకుండా ఒకరు మరొకరిని అరెస్టు చేయిస్తే మేజిస్ట్రేట్ ఇప్పించగల పరిహారం గరిష్ఠంగా 1000 రూపాయలు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 358వ సెక్షన్‌లో ఉన్న అంకెను కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 399వ సెక్షన్‌లో అలాగే దింపారు. అంతకు మించి కావాలంటే హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లి ప్రాథమిక హక్కుల కింద అడగాలి. 1983లో బీహార్‌కు చెందిన రుదుల్ సా కేసుతో ఆ దారి తెరుచుకుంది. నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా ఆయన్ను 14 ఏళ్లు జైల్లోనే ఉంచారు. పేదవాడు ఆ మెట్లు ఎక్కగలడా?

చేతులు కట్టేయడం గురించి కూడా ఒక మాట. ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద చార్జిషీటు వేయడానికి 180 రోజుల దాకా గడువు దొరుకుతుంది. అందులోని 43డి(5) సెక్షన్ ప్రకారం ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు రాదు. ఇంత అధికారం ఉన్నచోట పొరపాటుకు వెల కూడా ఉండాలి.

మాంచెస్టర్ తెలుగు:

ఇక్కడి బ్రిటన్ అనుభవం ఒకటి చెబుతాను. 1974 నవంబరులో బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. కొన్ని రోజుల్లోనే పార్లమెంటు ఉగ్రవాద నిరోధక చట్టం చేసింది. ఆరుగురు ఐరిష్ వాళ్లను పట్టుకుని, కొట్టి నేరం ఒప్పించి, యావజ్జీవ శిక్ష వేశారు. 1991లో, అంటే 16 ఏళ్లకు, ఆ శిక్ష తప్పని కోర్టు వదిలేసింది. తర్వాత పరిహారం ఇచ్చారు. అసలు దోషులకు మాత్రం ఈనాటికీ శిక్ష పడలేదు. అంతటితో అటు చనిపోయినవారి కుటుంబాలకు న్యాయం లేకుండా పోయింది, ఇటు ఇక్కడి ఐరిష్ కుటుంబాలు పోలీసు స్టేషన్ గడప తొక్కడానికి జంకాయి.

అయితే ఈ దేశాన్ని ఆదర్శంగా చూపించను. 2014లో ఇక్కడ నిబంధన బిగించారు. తను నేరం చేయలేదని సందేహానికి తావు లేకుండా తేలితే తప్ప పరిహారం రాదు. పదేళ్లు, పదిహేనేళ్లు జైల్లో గడిపినవాడు దాన్ని ఎలా నిరూపిస్తాడు? న్యాయవాది గారు గీసిన గీతే నాకు మేలుగా కనిపిస్తోంది.

విశ్రాంత పోలీసు:

అందరి మాటలూ చదివాను. కొన్ని విషయాలు లోపలివాడిగా చెబుతాను.

బాంబును ఆపే పని ఎలా ఉంటుందో బయటివారికి తెలియదు. నగర శివార్లలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ల వివరాలు, లాడ్జి రిజిస్టర్లు, ఇతరుల పేరు మీద తీసిన సిమ్ కార్డులు, పాత ఇనుము అంగళ్లు, క్వారీల నుంచి దారి మళ్లే జిలెటిన్. ఎరువుగా దొరికే అమ్మోనియం నైట్రేటుకు 2012లో ప్రత్యేక నిబంధనలు వచ్చి లైసెన్సు తప్పనిసరి కావడం మాకెంత ఊరటో చెప్పలేను. 2013 తర్వాత కెమెరాలు విపరీతంగా పెరిగాయి. ప్రజా భద్రతా చట్టం తెచ్చి, జనం గుమికూడే సంస్థలన్నీ వాటిని పెట్టుకోవాలన్నారు. కానీ కెమెరా ఎక్కువగా పనికొచ్చేది పేలిన తర్వాత. పేలకముందు పనికొచ్చేది మనిషి. ఇంటి యజమాని, టీ కొట్టువాడు, మసీదు కమిటీ పెద్ద, కాలేజీ లెక్చరర్. బీటు కానిస్టేబుల్‌ను పేరు పెట్టి పిలిచే మనిషి.

2007 తర్వాత కొన్ని బస్తీల్లో ఆ మనుషులు మాతో మాట్లాడటం మానేశారు. ఇది నేను కళ్లారా చూశాను. ఒక పెద్దాయన నాతో అన్నారు: 'నేను ఒక పేరు చెబితే మీరు ఆ వాడలో నలుగురిని తీసుకెళ్తారు, వాళ్ల తల్లులు నా ఇంటికి వస్తారు.' ఆయనకు నా దగ్గర జవాబు లేకపోయింది. కాబట్టి దెబ్బ పడేది సమాచారం మీదే అన్న మాటను నేను కాదనను.

అయినా ఒక షరతు పెడతాను. పరిహారాన్ని ప్రభుత్వ ఖజానా నుంచే ఇవ్వాలి. అధికారి జీతంలోంచి వసూలు చేస్తామంటే ఎవరూ ఎవరినీ ప్రశ్నించరు. రెండు రోజుల్లో ప్రెస్ మీట్ పెట్టాలి, ఎవరినో ఒకరిని చూపించండి అని పైనుంచి వచ్చే ఒత్తిడి మీలో ఎవరూ అనుభవించి ఉండరు. ఆ ఒత్తిడి పెట్టినవాణ్ణి వదిలేసి, ఎస్సై పీఎఫ్ కోసేస్తారా?

జర్నలిజం విద్యార్థి:

మరి కొట్టిన చేతికి ఏ శిక్షా లేదా సార్?

విశ్రాంత పోలీసు:

కస్టడీలో కొట్టడం నేరమే, దానికి క్రిమినల్ కేసు పెట్టాలి. నేను చెప్పింది పరిహారం సొమ్ము గురించి మాత్రమే. సదుద్దేశంతో తప్పుగా అనుమానించడం, కావాలని కథ అల్లడం ఒకటి కావు.

నాంపల్లి న్యాయవాది:

అక్కడే చిక్కు. కావాలని అల్లారని తేల్చేదెవరు? స్టేషన్లలో, ఎన్ఐఏ లాంటి దర్యాప్తు సంస్థల ఆఫీసుల్లో కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. మంచిదే. కానీ మైనారిటీల కమిషన్ నివేదిక చెప్పిన గుర్తు తెలియని చోట్లలో కెమెరా ఎవరు పెడతారు? అరెస్టు చూపించిన తేదీకి, ఇంటి నుంచి తీసుకెళ్లిన తేదీకి మధ్య గడిచే రోజులకు లెక్క చెప్పించాలి. పరిహార చట్టంలో మొదట రావాల్సిన నిబంధన ఇదే.

ముంబయి రైళ్ల కేసు చూడండి. 2006 జులై 11 పేలుళ్లలో 180 మందికి పైగా చనిపోయారు. 2015లో 12 మందికి శిక్ష పడింది, వారిలో ఐదుగురికి ఉరి. 2025 జులైలో బొంబాయి హైకోర్టు 12 మందినీ నిర్దోషులన్నది. మహారాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ ఏం తేలినా, దాదాపు రెండు దశాబ్దాలు గడిచిపోయాయి. అసలు దోషులు వేరే వాళ్లయితే ఇక వారి ఆచూకీ ఎక్కడ దొరుకుతుంది?

దిల్‌సుఖ్‌నగర్ వాసి:

విశ్రాంత పోలీసు గారి షరతులో సగమే నాకు నచ్చింది. ఖజానా సొమ్ము అంటే మా నాన్న కట్టిన పన్ను కూడా. అది ఇచ్చేసి ఫైలు మూసేస్తే తప్పు చేసినవారికి ఏమీ తగలదు. గూఢచర్యం కేసులో తప్పుగా ఇరికించిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది, ఆ సొమ్ము కేరళ ప్రభుత్వం ఇచ్చింది. కోర్టు అంతటితో ఆగలేదు, బాధ్యులైన అధికారుల సంగతి చూడమని రిటైర్డ్ న్యాయమూర్తితో ఒక కమిటీ వేసింది. ఉగ్రవాద కేసుల్లోనూ అలాగే జరగాలి. డబ్బు వసూలు చేయకపోతే పోనివ్వండి, సర్వీసు రికార్డులో రాయండి, పదోన్నతి ఆపండి.

విశ్రాంత పోలీసు:

న్యాయమూర్తి తేల్చితే ఒప్పుకుంటాను. ప్రభుత్వం మారినప్పుడల్లా సచివాలయంలో కూర్చుని తేలుస్తామంటే ఒప్పుకోను. ఆ రాత రాసేటప్పుడు కింద సంతకం పెట్టిన ఎస్సై పేరుతో పాటు, ఆదేశం ఇచ్చిన పెద్దాయన పేరు కూడా రాయాలి.