కాలిఫోర్నియన్ జాతి కుందేలు పిల్లల వీపు మీద మసి రంగు, జాతి కల్తీనా?

చింతపల్లి_కుందేళ్లు: అన్నలూ, మాది లంబసింగి పక్కన. ఈ నెల మొదట్లో మా కాలిఫోర్నియన్ ఆడది రెండో ఈత ఈనింది, ఆరు పిల్లలు. తెల్లారి చూస్తే నాలుగు పెట్టెలో తల్లి బొచ్చు కింద వెచ్చగా పడుకున్నాయి. రెండు బయట జాలీ మీద పడి మంచుముక్కల్లా ఉన్నాయి. చచ్చాయనే అనుకున్నా. మా ఆవిడ కొంగులో చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంటే గంటకి కాళ్లు ఆడించాయి.

ఇప్పుడు 15 రోజులు. నాలుగూ పాలలా తెలుపు. ఆ రెండింటి వీపు మీద మాత్రం మసి పూసినట్టు బూడిద రంగు. చెవులు, ముక్కు ఇంకా నల్లబడనే లేదు, వీపు ముందు నల్లబడటమేంటి? మా బావమరిది "మగదానిలో వేరే జాతి కలిసింది, నీకు అమ్మినవాడు ముంచాడు" అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

తిరుపతి_పశువైద్యం: కళ్లు తెరిచాయిగా, ఏ రంగు?

చింతపల్లి_కుందేళ్లు: ఆరింటికీ ఎరుపే.

తిరుపతి_పశువైద్యం: అయితే అమ్మినవాణ్ని తిట్టకండి. రంగు జాతి పోతు కలిసి ఉంటే ఆ పిల్లల కళ్లు నల్లగానో గోధుమ రంగుగానో ఉండేవి.

కాలిఫోర్నియన్‌లో హిమాలయన్ కుందేలు రక్తం ఉంది. ఆ జన్యువు వల్ల నల్లరంగు తయారుచేసే ఎంజైము, టైరోసినేజ్, వేడికి పనిచెయ్యదు. చర్మం వేడి సుమారు 35 డిగ్రీల లోపు ఉన్నచోటే రంగు పడుతుంది. చెవులు, ముక్కు, పాదాలు, తోక నల్లబడేది అవి చల్లగా ఉంటాయనే. వీపు మీద బొచ్చు గొరిగి ఐసు కట్టి ఉంచితే అక్కడ నల్లబొచ్చే మొలిచిందని మా పాఠాల్లోనే ఉంది. మీ రెండింటికీ లంబసింగి చలే ఆ ఐసు.

వీపు మీద మెల్లగా ఊది చూడండి. వెంట్రుక కొసే ముందు తయారవుతుంది, కాబట్టి కొస బూడిదగా, మొదలు తెల్లగా ఉండాలి.

రెంటచింతల_కుర్రాడు: మా దగ్గర ఉల్టా. మే నెలలో మా వాటి ముక్కు మీద నలుపు వెలిసిపోయి కాఫీ రంగుకొస్తుంది. అవునూ, నా న్యూజిలాండ్ తెల్లవాటికి ఎంత చలి తగిలినా మచ్చ పడదేం?

తిరుపతి_పశువైద్యం: వాటికి ఎంజైమే పనికిరాదు, చలైనా ఎండైనా ఒకటే. హిమాలయన్ జన్యువుతో వచ్చే ఎంజైము వేడికి మాత్రమే చెడుతుంది, తేడా అంతే.

చింతపల్లి_కుందేళ్లు: ఊదాను. మీరన్నట్టే, పైన బూడిద, కింద తెలుపు! పెట్టె చుట్టూ గోనెసంచి కట్టి, అంచు ఎత్తు పెంచాను.

చింతపల్లి_కుందేళ్లు (రెండున్నర నెలల తర్వాత): బొచ్చు రాలి కొత్తది వచ్చింది, వీపులు తెల్లబడ్డాయి. చెవులు, ముక్కు నల్లగా దిగాయి. బావమరిదికి ఫోటో పంపితే, "సున్నం వేశావా?" అని అడిగాడు.